హారన్ మోగని లారీ

మ్యాక్ కొనుక్కొని దాంట్లో ఆటలాడాలనుకునేవాళ్లని చూసి జనం నవ్వుతారు. నన్ను చూసీ నవ్వారు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. కరీంనగర్‌లో మా ఇంటి ముందుగదిలోనే కూర్చొని, ఫొటో స్టూడియోల వాళ్లు పంపిన ఫొటోలను పేజీలుగా పేరుస్తుంటాను. రంగులు సరిగ్గా కనిపిస్తాయని మ్యాక్ తీసుకున్నాను. ఆటలేమో ఎక్కువగా విండోస్ వాళ్లకే. "గంత పెట్టి కొన్నవ్, ఒక్క ఆట ఆడరాకపాయె దాంట్ల" అని స్టూడియో వాళ్లు ఎగతాళి చేసేవారు. నాకు పట్టుదల ఎక్కువ, ఓపిక తక్కువ. ఎవరైనా కాదంటే అదే చేయబుద్ధవుతుంది.

విండోస్ కోసం రాసిన ఆటను మ్యాక్‌లో నడపాలంటే మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆట తన భాషలో ఏదో అడుగుతుంది, ఈ దుబాసీ ప్రోగ్రామ్ దాన్ని మ్యాక్‌కు అర్థమయ్యేలా తిప్పి చెబుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో సరదా కొద్దీ దాన్ని తయారుచేసి ఊరికే పంచుతున్నారు. ఊరికే వచ్చింది కాబట్టి తిట్టడానికి కూడా ఎవరూ దొరకరు. ఒకసారి ఆట తెరుచుకోదు, తెరుచుకుంటే బొమ్మ రాదు, బొమ్మ వస్తే మనుషులకు తలకాయలుండవు. ఒక ఆదివారమంతా దాంతో కుస్తీ పడితే సాయంత్రానికి ఒక లారీ ఆట నడిచింది. మ్యాక్ అట్ల పెనంలా వేడెక్కింది, లోపల ఫ్యాన్ గోల పెట్టింది, అయినా లారీ మాత్రం కదిలింది.

లారీ ఆటే ఎందుకంటే, మా బాపు లారీ డ్రైవర్. సుల్తానాబాద్ మిల్లుల్లో బియ్యం ఎక్కించుకొని ఆదిలాబాద్ మీదుగా మహారాష్ట్రకు పోయేవాడు. చిన్నప్పుడు నన్నూ తీసుకుపొమ్మని లారీ మెట్టు పట్టుకొని ఏడ్చేదాన్ని. "ఆడివిల్లకు లారీల ఏం పని బిడ్డా" అని దింపేసేవాడు. నిర్మల్ దాటాక వచ్చే ఘాట్ రోడ్డు గురించి, అక్కడి మలుపుల గురించి ఇంటికొచ్చి చెబుతుంటే వినడమే తప్ప ఆ క్యాబిన్‌లో కూర్చొని చూసిన పాపాన పోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఆటలోనైనా లారీ నడుపుదామనుకున్నాను.

అయితే ఆట కుదిరేసరికి మా ఇంట్లో సంగతులు మారిపోయాయి. పోయిన వానాకాలం ఒక పొద్దున బాపు ముఖం కడుక్కుంటూ కడుక్కుంటూ నల్లా దగ్గరే కూలబడ్డాడు. పక్షవాతమన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మూతి ఒక పక్కకు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కర్ర సాయంతో నడక వచ్చింది, చెయ్యి కూడా కొద్దికొద్దిగా లేచింది. మాట ఒక్కటే ముద్దగా వచ్చేది. పెదవులు కలిసేవి కావు. చెప్పాలనుకున్నది లోపల ఉన్నట్టే ఉండి, బయటికి వచ్చేసరికి గాలి అయిపోయేది.

అయినా మొదట్లో మాట్లాడేవాడు. ఒకరోజు ఆయనతో పాటు లారీలు నడిపిన దోస్తు ఒకాయన చెన్నూరు నుంచి ఫోన్ చేశాడు. విషయం తెలియక, బాపు గొంతు వినగానే, "ఏందివయా, పొద్దుపొద్దుగాల్నే ఏసినవా?" అని పకపకా నవ్వాడు. బాపు స్టీరింగ్ పట్టినన్నాళ్లూ చుక్క ముట్టని మనిషి. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ చేతిలో ఫోన్ పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ దోస్తు తరువాత తెలుసుకొని ఎంత బతిమిలాడినా బాపు మళ్లీ ఫోన్ పట్టలేదు. ఫోనే కాదు, ఇంట్లో కూడా నోరు తెరవడం మానేశాడు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఉంది. అద్దం ముందు కూర్చోబెట్టి, "పెదవులు గట్టిగ మూసి అనుండ్రి బాపూ, పా, బా, మా" అనేది. బాపు అద్దంలో తన వంకర మూతిని చూసి తల దించుకునేవాడు. ఇంటికొచ్చాక అద్దం తెస్తే చెయ్యెత్తి అవతలికి తొయ్యమనేవాడు. ఆయనకు అది పసిపిల్లల పాఠంలా తోచింది. మేడమ్ నాతో విడిగా చెప్పింది, ఇప్పుడు వాడకపోతే మాట అట్లాగే మిగిలిపోవచ్చునని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పని మీద మనసు నిలిచేది కాదు. ఎవరి పెళ్లి ఫొటోలోనో తండ్రి నోరంతా తెరిచి నవ్వుతూ కనిపిస్తే కుళ్లుగా ఉండేది.

అవ్వ మాత్రం ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది. "మీ బాపుకు చాయ్ గావాల్నట", "మీ బాపుకు ఫ్యాన్ గాలి ఎక్కువైందట". ఆయన కనుబొమ్మ కదిలిందంటే ఆమె వాక్యం పూర్తిచేసేది. ఆయనకు అది సుఖంగానే ఉంది. నాకే ఒళ్లు మండేది. "నువ్వు చెప్పకు, ఆయన్ని చెప్పనియ్యి" అంటే, "నువ్ జర గమ్మునుండు, పరేషాన్ జెయ్యకు ఆయన్ని" అని నన్నే కసిరేది.

నేను లారీ ఆట ఆడుతుంటే బాపు మొదటిసారి చూసింది చలికాలంలో. పక్కన మంచం మీద కూర్చొని ఉన్నవాడు, నేను గేరు మార్చిన తీరుకు గొంతులోనే చీదరింపుగా ఏదో చప్పుడు చేశాడు. కర్ర తీసుకొని వచ్చి నా కుర్చీని తట్టాడు. లెమ్మని. ఎడమ చేతితో బాణం గుర్తు మీటలు నొక్కితే లారీ నడుస్తుందని, ఇంకో మీట నొక్కితే హారన్ అని చూపించాను. వెంటనే కూర్చోలేదు. అవ్వ వైపు చూసి వేళ్లు గుండ్రంగా చుట్టి చూపించాడు.

"నిమ్మకాయ అడుగుతుండు" అంది అవ్వ.

ఏ కొత్త బండి తీసుకున్నా కొండగట్టుకు పోయి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించందే రోడ్డెక్కించిన మనిషి కాదు. అవ్వ మ్యాక్ మూత మీది పండు గుర్తుకు కుంకుమ బొట్టు పెట్టింది, ముందర నిమ్మకాయ ఉంచింది. దాన్ని తొక్కించే చక్రం లేదు కనుక బాపు తన చెప్పు కింద వేసి నలిపాడు. నేల మీది రసం నేనే తుడిచాను. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

తిన్నని రోడ్డు మీద బాగానే నడిపాడు. ఆటలో ఊరు మనది కాదు, బండ్లు కుడిపక్కన పోతాయి, ఆయన ఎడమపక్కకు పోయి ఎదురొచ్చినవాళ్లందరినీ పరేషాన్ చేశాడు. అది రెండు రోజుల్లో సర్దుకుంది. చిక్కు కొండదారిలో వచ్చింది. మొదటి మలుపు దగ్గర, అవతల ఏమొస్తుందో కనపడని చోట, బలహీనమైన కుడిచేతి వేలితో హారన్ మీట నొక్కాడు. మోగలేదు. మళ్లీ నొక్కాడు. ఇంజన్ చప్పుడు ఉంది, బ్రేకుల చప్పుడు ఉంది, హారన్ లేదు. దుబాసీ మిగతావన్నీ చెప్పి ఆ ఒక్కటీ మింగేసింది. నేను ఆడినన్నాళ్లూ అది గమనించనే లేదు. నాకు హారన్‌తో పనేముంది?

బాపు బ్రేకు వేసి రోడ్డు మధ్యలో లారీ ఆపేశాడు. వెనక బండ్లు వరుస కట్టాయి.

"ఎందుకు ఆపినవ్ బాపూ? ఇది ఆటనే, హారన్ లేకున్నా ఏం గాదు" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

"హారన్ గొట్టకుంట మల్పు తిప్పడు మీ బాపు, గంతే. ఇర్వై ఏండ్లల్ల ఒక్కపారి తిప్పలే" అంది అవ్వ కూరగాయలు తరుగుతూ.

మరునాడు నాకు తెలిసిన చిట్కాలన్నీ చేశాను. తీసేసి మళ్లీ ఎక్కించాను, ఇంటర్నెట్లో ప్రపంచంలోని మ్యాక్ బాధితులందరి గోడూ చదివాను. అందరిదీ అదే గోడు, హారన్ రాదు. "మోగది బాపూ, గంతే. గట్లనే నడుపు" అని విసుక్కున్నాను. ఆయన మలుపు దాకా వెళ్లి ఆపడం, చాలాసేపు ఆ మలుపును చూడడం, లేచి వచ్చేయడం. అట్లా కొన్ని రోజులు జరిగింది. ఆట కూడా మానేస్తాడేమోనని భయపడ్డాను.

ఒక మధ్యాహ్నం నేను ఆల్బమ్ పని ముగించి మ్యాక్ ఆయనకు ఇచ్చి, పక్కన ప్రింట్లు సర్దుకుంటున్నాను. లారీ మలుపు దగ్గరికి వచ్చింది. ఆగుతుందనుకున్నాను. బాపు రెండు పెదవులూ దగ్గరికి తెచ్చి ఊదాడు. "ఫూ" అని గాలి వచ్చింది. లారీ ఆగింది. చెంప చేత్తో పట్టుకొని, పెదవుల్ని బలవంతంగా కలిపి, మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారికో నాలుగోసారికో "బాం" అని వచ్చింది. చిన్నగా, చెమ్మగిల్లిన టపాకాయలా. లారీ మలుపు తిరిగింది.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆపేస్తాడని భయం. ప్రింట్లు తలకిందులుగా సర్దుతున్నానని తరువాత తెలిసింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో హారన్ల మోత. సైడ్ అడగడానికి రెండు పొట్టివి, మలుపుకు ఒక పొడుగుది, దారిచ్చినవాడికి మెత్తగా ఒకటి. ఒక్కోదానికి ఒక్కో అర్థముందని అవ్వ చెబితే తెలిసింది. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలియదు. ఆసుపత్రిలో మేడమ్ "పా" అనమంటే గదంతా మోగేట్టు "పాం" అన్నాడు. ఆమె అదిరిపడి, ఇంట్లో ఏం చేయిస్తున్నారని అడిగింది. "లారీ నడుపుతుండు" అంది అవ్వ.

మేడమ్ సంతోషించింది, కానీ దాచకుండా చెప్పింది. హారన్ వేరు, మాట వేరు. పెదవులకు బలం వచ్చింది, ఇక మనుషులతో మాట్లాడాలని ఆయనకే అనిపించాలి. అది ఆమె చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో బాపు ఎప్పట్లాగే మౌనంగా కూర్చున్నాడు. ఎక్కడ దిగాలో అవ్వే చెప్పింది.

ఎండలు ముదిరే రోజుల్లో దుబాసీ ప్రోగ్రామ్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది. ఏమేం బాగుచేశారో చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. ఆటల్లో మోగని శబ్దాలు ఇప్పుడు మోగుతాయట. అంతకుముందు దానికోసం ఎంత కొట్టుకున్నానో, ఇప్పుడు అంత భయమేసింది. మీట నొక్కితే హారన్ మోగుతుంటే ఈ మనిషి నోటితో ఎందుకు మోగిస్తాడు? ఆ కాస్త చప్పుడు కూడా పోతే మా ఇంట్లో మిగిలేది అవ్వ గొంతు ఒక్కటే. చెప్పకుండా ఉంటే సరిపోతుందని కూడా అనిపించింది. కానీ అంత వయసు మనిషిని మోసం చేసి మాట్లాడించడం నాకు నచ్చలేదు. ఆయన బండి, ఆయన ఇష్టం.

"బాపూ, హారన్ బాగైందట. పెట్టాల్నా?" అని అడిగాను.

తల ఊపాడు. పెట్టాను.

కొండదారి మొదటి మలుపులో మీట నొక్కాడు. నిజమైన లారీ హారన్, నిండుగా, గది దద్దరిల్లేలా మోగింది. బాపు ముఖం వెలిగిపోయింది. వరుసగా ఐదారుసార్లు కొట్టాడు. ఆ రోజంతా, మరునాడంతా ఆయన నోటి నుంచి చప్పుడు లేదు. వేలు నొక్కుతుంది, హారన్ మోగుతుంది, ఆయన హాయిగా మలుపులు తిప్పుతున్నాడు. సాయంత్రం అవ్వ చాయ్ ఇచ్చి, "ఇయ్యాల బాంబాం లేదేంది?" అంది. మ్యాక్‌ను తీసుకొని గోడకు కొట్టాలనిపించింది.

మూడోనాడు నేను గడప మీద కూర్చొని ఫోన్‌లో ఎవరి ఆల్బమ్ గురించో మాట్లాడుతున్నాను. లోపల హారన్ పొడుగ్గా మోగింది. మళ్లీ మోగింది. ఆటలో ఒక కారు బాపు ముందర నత్తనడక నడుస్తోందట, సైడ్ ఇవ్వడం లేదట. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. అప్పుడు వినిపించింది మాత్రం ఇది.

"సైడియ్యవార్రా? రోడ్డు నీ అయ్య జాగీరా?"

ముద్దగానే ఉంది. రెండు మూడు అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కానీ ఎవరికైనా అర్థమవుతుంది. నేను ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చాను. చేతికి హారన్ దొరికింది కదా, ఇక నోరు తిట్లకు ఖాళీ అయిందని నా మట్టిబుర్రకు అప్పుడు తట్టింది.

అవ్వ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది.

"ఎవల్ని తిడ్తున్నవ్?"

"కారోన్ని" అన్నాడు బాపు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఆడేం జేసిండు నిన్ను?"

"సైడియ్యలే."

"నువ్వెంత జోర్ల పోతున్నవో, ఆడేడికి జరుగుతడు?"

"నేను మెల్లగనే పోతున్న."

"మెల్లగ పోయేటోనికి సైడెందుకు మల్ల?"

అక్కడ ఆగింది అవ్వ. అన్ని నెలల తరువాత తాను అడిగినదానికి తాను కాక ఇంకొకరు జవాబు చెబుతున్నారని ఆమెకు అప్పుడే అందింది. పిండి చేతులు చీరకు తుడుచుకుంటూ మంచం మీద కూర్చుంది.

"ఇంకోపారి తిట్టు" అంది.

బాపు లారీని పక్కకు ఆపాడు. కుర్చీని మెల్లగా ఇటు తిప్పుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి, మూతి ఒక పక్కకు నవ్వుతోంది. పెదవులు గట్టిగా మూసి, ఒక్కో మాటా తీరిగ్గా కూడబలుక్కొని, ఈసారి అవ్వనే తిట్టాడు.