రెండు నెలలు తక్కువైన అమెరికావాడు

జాంబియాలోని మోంజే ఊళ్ళో పిండిమర ఆగిపోతే వెండెల్‌కే కబురు వెళ్ళేది. నలభై నాలుగేళ్ళ మనిషి. డాక్టర్లుగా మిషను ఆసుపత్రికి వచ్చిన తల్లిదండ్రులతో రెండేళ్ళప్పుడు అయోవా నుంచి ఇక్కడికొచ్చాడు. అక్కడి టోంగా భాషలో పిండిమరని తిట్టడం మొదలుపెడితే, వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు పిల్లల చెవులు మూసేవాళ్ళు. అయినా ఊరంతా అతన్ని అమెరికావాడనే పిలిచేది. అతనూ అలాగే అనుకునేవాడు.

కూతురు లుయాండో పుట్టాక, దాని అమెరికా పౌరసత్వం కాగితాల కోసం భార్య చోల్వేని తీసుకుని రాజధాని లుసాకాకి బస్సెక్కాడు. చోల్వే అమ్మమ్మ బినా మూంగా కూడా ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకమ్మమ్మా?" అంది చోల్వే.

"నా మునిమనవరాల్ని అమెరికాదాన్ని చెయ్యడానికి దాని ఒంటికి ఏం పూస్తారో చూడొద్దూ!"

అమెరికా రాయబార కార్యాలయంలో అద్దం వెనక కూర్చున్న అధికారిణి నెమ్మదస్తురాలు. "బిడ్డ తల్లి జాంబియా ఆవిడ కాబట్టి, బిడ్డ పుట్టకముందు మీరు మొత్తం అయిదేళ్ళు అమెరికాలో ఉన్నట్టు రుజువు కావాలి. అందులో రెండేళ్ళు మీకు పద్నాలుగు నిండాకవై ఉండాలి" అంది.

"నా పాస్‌పోర్టు ఉంది కదండీ."

"అది మీరు మా పౌరులని చెబుతుంది. అక్కడున్నారని చెప్పదు."

వెండెల్ వేళ్ళమీద లెక్కపెట్టాడు. పుట్టాక రెండేళ్ళు. ఎనిమిదో ఏట నాన్న సెలవులో ఒక ఏడాది. కాలేజీలో ఏడాది పది నెలలు. ఎటు కూడినా రెండు నెలలు తక్కువ.

బినా మూంగా సంగతి విని బుగ్గ నొక్కుకుంది. మనవరాలి భర్తని అమ్మమ్మ 'మొగుడా' అని ఆటపట్టించడం అక్కడి వాడుక. "ఏం మొగుడా! ఇన్నాళ్ళూ అమెరికావాడని చెప్పి మా పిల్లని చేసుకున్నావు. తీరా చూస్తే సరుకు తక్కువ!"

తిరుగుదారిలో బస్సులో ఉండగా వెండెల్‌కి పదహారో ఏటి వేసవి గుర్తొచ్చింది. మూడు నెలలు మేనత్త వెర్నా పొలంలో ఉన్నాడు. కానీ అప్పటి పాస్‌పోర్టుని చెదలు తినేసి చాలా ఏళ్ళయింది. ఎనభై ఒక్కేళ్ళ అత్తకి ఫోన్ చేశాడు.

"రుజువా? పదమూడు వారాల రుజువుంది. ఊరి వారపత్రికలో 'మన ఊరి కబుర్లు' రాసింది నేనే కదరా!" అందావిడ.

ఆ పత్రిక ముక్కలు కత్తిరించి అత్త పంపిన పొట్లం వచ్చింది. వెండెల్ ఒక్కడే తెరిచి చదివి, ఎర్రబడి, మళ్ళీ అంటించేశాడు. చోల్వే అడిగితే "ఏవో పాత కాగితాలు" అన్నాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు అధికారిణి ఆ ముక్కల్ని ఒక్కొక్కటే మైకులో చదవడం మొదలుపెట్టింది. వెనక బెంచీలమీద జనం మాటలు మానేశారు. చోల్వే వాటిని అమ్మమ్మ చెవిలో టోంగాలోకి మార్చి చెబుతోంది.

"'మా మేనల్లుడు వెండెల్ ఆఫ్రికా నుంచి దిగాడు. మొదటిరోజే ఐస్‌క్రీము డబ్బా మొత్తం తిని పడకేశాడు.' 'వెండెల్ ట్రాక్టర్ని పక్కవాళ్ళ కుంటలోకి దించాడు. ట్రాక్టరు క్షేమం. బాతులు ఇంకా తిరిగి రాలేదు.' 'జాతరలో నూనె పూసిన పందిపిల్లని పట్టే పోటీకి వెండెల్ దిగాడు. పంది గెలిచింది.'"

బినా మూంగా కర్ర నేలకేసి కొట్టి నవ్వింది. అధికారిణి దగ్గు నటించి ఇంకో ముక్క తీసింది.

"'చర్చిలో పాడే అమ్మాయికి రాసిన ఉత్తరాన్ని వెండెల్ పొరపాటున వాళ్ళ నాన్న చేతికిచ్చాడు.'"

చోల్వే నోరు ఆగిపోయింది.

"చెప్పవే! ఎవరికిచ్చాడు?" అమ్మమ్మ మోచేత్తో పొడిచింది.

"ఏ అమ్మాయి?" అని చోల్వే వెండెల్‌ని అడిగింది.

"పదహారేళ్ళప్పటి మాటే అది!"

"పేరు గుర్తుందా?"

"లేదు" అన్నాడు వెండెల్ మరీ తొందరగా.

ఆఖరి ముక్క చిన్నది. "'వెండెల్ నిన్న వెళ్ళిపోయాడు. ఇల్లు బోసిగా ఉంది.'" అధికారిణి ఆ ఒక్కటి మెల్లగా చదివి, కాగితాలన్నీ సర్దింది. "పదమూడు వారాలూ వరసగా ఉన్నాయి. కుడిచెయ్యి ఎత్తండి. ఇవన్నీ మీరు చేసినవేనని ప్రమాణం చేస్తారా?"

"చేస్తాను" అన్నాడు వెండెల్ తలొంచుకుని. బెంచీలమీద ఎవరో చప్పట్లు కొట్టారు.

నెల తర్వాత ధ్రువపత్రం వచ్చింది. చోల్వే దాన్ని వెలుగులో పెట్టి చూసింది. "మరి రేపు దీని పిల్లలకి? లుయాండో కూడా అక్కడ అయిదేళ్ళుండాలా?"

"ఇక్కడివాణ్ణే చేసుకుంటే ఉండాల్సిందే."

ఆ సాయంత్రం వెండెల్ మళ్ళీ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. నలభై నాలుగేళ్ళలో అక్కడున్నది అయిదేళ్ళా ఒక నెల. ఆ నెల కూడా అత్త రాసిపెట్టింది కాబట్టి మిగిలింది. ఆవిణ్ణి చూసి ఇరవై ఏళ్ళు దాటింది.

జూన్‌లో ముగ్గురూ అయోవా వెళ్ళారు. వెర్నా అత్త వంటింట్లోనే లుయాండో మొదటి అడుగులు వేసింది. ఫోన్లో ఆ మాట చెబితే బినా మూంగా అంది: "నడిచిందా? సరే. ఇక ఇంటికి నడిపించుకురండి."