పంపుగదిలో రాగి తీగ

ఈతకొలను చూసుకునే ఆయన్ని పిల్లలంతా ఉప్పుమామ అంటారు. పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే గట్టుమీద గొంతుక్కూర్చుని నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు. "ఉప్పు రెండు బస్తాలు తగ్గింది" అన్నాడంటే, ఆ తర్వాత మీటరు పెట్టి చూసినా రెండు బస్తాలే. ఇరవై రెండేళ్లుగా ఆ నీళ్లతోనే ఆయన కాపురం.

"నా కూరలో ఉప్పు ఎలా ఉందో ఒక్కనాడైనా చెప్పావా?" అని దెప్పేది భార్య.

"ముందు నీ మాటల్లో కారం తట్టుకోనీవే" అనేవాడు.

ఆమె అక్కడే బట్టలు మార్చుకునే గదులు ఊడుస్తుంది. వారానికోసారి, సెలవునాడు, పంపు ఆపి దాని బుట్టలో చేరిన ఆకులు తీసి కడగడం కూడా ఆమె పనే.

ఉప్పుమామకు భయమంటూ ఉంటే అది పంపుగదిలోని క్లోరిన్ యంత్రమంటేనే. దాని పలకల మధ్య ఉప్పునీళ్లు పారుతుంటే కరెంటు ఆ ఉప్పులోంచే క్లోరిన్ తీస్తుంది. దాంతోపాటే నిప్పురవ్వ తగిలితే పేలిపోయే వాయువు కూడా పుడుతుంది. పారే నీళ్లు దాన్ని తమతో ఈడ్చుకుపోతాయి. నీళ్లు ఆగిన క్షణమే యంత్రమూ ఆగిపోవాలి. ఆ కాపలా కాసేది గొట్టంలో ఉండే వేలెడంత స్విచ్చి. "ఆ స్విచ్చికి అడ్డదారి తీగ కట్టేవాడికి చేతులు మిగలవు" అని కనిపించిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. భార్యకైతే వందసార్లు.

ఆ స్విచ్చే పాడైంది. నీళ్లు జోరుగా పారుతున్నా యంత్రం ఆగిపోయి ఎర్రదీపం వెలుగుతోంది. బుట్ట చూశాడు, వాల్వులు చూశాడు, ఫిల్టరు కడిగాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కొత్త స్విచ్చి రావడానికి మూడు రోజులు పడుతుందన్నాడు దుకాణదారు. మర్నాడే పిల్లల ఈత పోటీలు. ఉప్పుమామ గది తలుపు దగ్గరికేసి, జానెడు రాగి తీగ తీసి, స్విచ్చి రెండు కొసలూ కలిపేశాడు. ఎర్రదీపం ఆరిపోయింది. ఎవరికీ చెప్పలేదు. అన్ని పాఠాలు చెప్పిన నోటితో ఏమని చెబుతాడు?

మూడోనాడు స్విచ్చి తెచ్చుకోవడానికి దుకాణానికి వెళ్లాడు.

"అందాకా యంత్రం ఆపే ఉంచావుగా మామా?" అన్నాడు దుకాణదారు, స్విచ్చిని కాగితంలో చుడుతూ.

"పంపు నడుస్తూనే ఉందిలే, భయమేం..." అంటుండగానే గుర్తొచ్చింది. ఇవాళ సెలవు. బుట్ట కడిగే రోజు. భార్య పంపు ఆపుతుంది. బుట్ట మూత తీయడానికి అటూ ఇటూ వాల్వులు మూసేస్తుంది. యంత్రం తనంతట తానే ఆగిపోతుందని ఆమె నమ్మకం. అలా నమ్మమని నేర్పిందీ తనే.

ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆమె ఫోను ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది, సంచి కొక్కేనికి ఉంటుంది.

స్విచ్చి బల్లమీదే వదిలేసి పరుగెత్తాడు. రెండు వీధులు దాటేసరికి ఊపిరి గొంతులోకి వచ్చింది. గేటు దగ్గర ఆగి చెవి పెట్టాడు. ఎప్పుడూ వినిపించే పంపు మూలుగు లేదు. పేలిన చప్పుడూ లేదు. పంపుగది గుమ్మం దాకా పరుగెత్తాడు.

కడిగిన బుట్ట బిగించేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ఆమె పంపు స్విచ్చి వైపు చెయ్యి చాపుతోంది. అది వేస్తే పుట్టే చిన్న రవ్వ చాలు.

"ముట్టుకోకు! ఏదీ ముట్టుకోకు! బయటికి రా!"

"ఏమయ్యా, దెయ్యం పట్టిందా? ఎందుకా అరుపు?"

"నడిచి రావే, నీకు దండం పెడతా!"

మొగుడు దండం పెడతాననడం పెళ్లయ్యాక ఇదే మొదలు. ఆమె బయటికి వచ్చేసింది. గది బయట గోడకున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు. తలుపు బార్లా తెరిచిపెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని ప్రహరీ దాకా లాక్కుపోయాడు. అక్కణ్ణుంచి చూస్తే యంత్రం గాజుగొట్టంలో నీళ్లు సగానికి దిగి ఉన్నాయి. పైసగం ఖాళీగా కనిపిస్తోంది. అది ఖాళీ కాదని ఆయనకు తెలుసు.

"నీళ్లాగితే అదే ఆగిపోతుందన్నావు" అంది ఆమె.

తీగ సంగతి చెప్పాడు.

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. "మూడు రోజులా?" అంది. "పొద్దున మన పెద్దమ్మాయి కూడా వచ్చింది నాతో, చీపుళ్లివ్వడానికి" అంది. ఆ తర్వాత, "మేనేజరుకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

ఆయనే చెప్పాడు. మెకానిక్ వచ్చి మర్నాటిదాకా గదిలో అడుగు పెట్టనివ్వలేదు. కొలను నాలుగు రోజులు మూశారు. చేసిందానికి చీవాట్లు, చెప్పినందుకు ఉద్యోగం, రెండూ మిగిలాయి ఉప్పుమామకు.

మళ్లీ సెలవు వచ్చింది. ఆమె బుట్ట కడిగే బ్రష్షు పట్టుకుని పంపుగది గుమ్మం బయటే నిలబడింది.

"కొత్త స్విచ్చి వేశారే. మెయిన్ కూడా ఆపేశాను. రా" అన్నాడు.

"ముందు నువ్వెళ్లు" అంది.

వెళ్లాడు. యంత్రం పక్కన నిలబడ్డాడు. ఆమె గుమ్మంలోంచి ఆయన్ని కాదు, ఆయన చేతుల్ని చూస్తోంది.