వినిపించాకే అచ్చు: మా యాదగిరి సార్

యాదగిరి సార్ లేరు. ఈ వాక్యం రాసి పది నిమిషాలైంది. తప్పేమైనా ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తున్నాను. ఇన్నేళ్ళుగా నా వాక్యాల్లో తప్పులు పట్టిన మనిషి ఆయనే గనక, ఈ ఒక్కటీ తప్పని చెప్పడానికైనా వస్తారేమో అనిపిస్తోంది.

గత మంగళవారం ఉదయం అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపులో ఉన్నాను. మా కొత్త నివేదికను పెద్ద అక్షరాల్లో కాపీ తీయిస్తున్నాను. సాయంత్రం నాలుగింటికి సార్, నేను కలిసి దాన్ని సత్తయ్య గారనే బోర్డు ఆర్టిస్టుకు చదివి వినిపించాలి. అది ఆయన గురించిన నివేదిక. ఆయన విని సరేనంటేనే అచ్చు, వద్దంటే లేదు. అప్పుడు ఫోన్ మోగింది. సార్ భార్య పద్మక్క. "మూర్తీ, సార్ పోయిండు. చాయ్ తాగి పేపర్ చూస్తుండె. నేను గిన్నె కడిగి వచ్చేసరికి అయిపోయింది" అన్నారు. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. వస్తున్నానక్కా అని ఫోన్ జేబులో పెట్టుకుని, షాపతనితో "నలభయ్యో పేజీ మసగ్గా వచ్చింది, మళ్ళీ తియ్యండి" అన్నాను. తీశాడు. పేజీలన్నీ వరసలో ఉన్నాయో లేదో చూసుకున్నాను. స్పైరల్ బైండింగ్ కూడా చేయించాను. దిగ్భ్రాంతి అనే మాటను సంతాప సందేశాల్లో ఎన్నోసార్లు వాడాను. దాని అర్థం స్పైరల్ బైండింగ్ అని ఆ రోజు తెలిసింది.

ఆయన్ని ఎరగనివారి కోసం నాలుగు మాటలు. చిక్కడపల్లిలో గ్రంథాలయం వెనక సందులో, స్టీలు సామాన్ల దుకాణం పైన, రెండో అంతస్తులో మా పరిశోధన కేంద్రం. ఎదుగుతున్న సమాజాల్లో తలెత్తే సామాజిక, న్యాయ, సృజన, సాంకేతిక సమస్యల అధ్యయనం దాని ధ్యేయం. పూర్తి పేరు బోర్డు మీద రెండు వరుసలు పట్టేది గనక వీధి యావత్తూ దాన్ని 'రీసెర్చ్ ఆఫీసు' అనేది. సార్ దానికి సంస్థాపకులు, సంచాలకులు, పొద్దున్నే తాళం తీసేవారు కూడా. ఆయన శోధన చూసుకుంటే నేను సాధనసంపత్తి చూసుకునేవాణ్ణి, అంటే స్టేప్లరు, పిన్నులు, ఫైళ్ళు. నా పేరులో మూర్తి ఉంది గానీ స్ఫూర్తి మాత్రం ఆయనదే.

ఈ నాలుగు విషయాల్నీ ఒకే గాటన ఎందుకు కట్టారని ఒక విలేకరి అడిగారు. సార్ ఇలా అన్నారు: "కొత్త మిషిన్ ఇయ్యాల వస్తది. దాని మీద చట్టం పదేండ్లకు వస్తది. ఈ పదేండ్లు నడిమిట్ల నలిగేటోడు ఒకడుంటడు గద, వాని గురించే మా పని." విలేకరి ఇంకాస్త వివరంగా చెప్పమన్నారు. "వివరంగ అంటే మా మూర్తి రాస్తడు. అప్పుడు మీకు అస్సలు సమజ్ కాదు" అన్నారు సార్.

ఆయన పద్ధతికి శాస్త్రీయ నామధేయం ఏదీ లేదు. మేము 'వినిపింపు' అనుకునేవాళ్ళం. ఎవరి గురించి రాసినా, అచ్చుకు వెళ్ళే ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి ప్రతి వాక్యమూ చదివి వినిపించాలి. కాగితాలు పంపితే చాలదు, సారాంశం చెబితే చాలదు. తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఎందుకని అడగకూడదు. ఈ చివరి షరతు నాకు కొరుకుడు పడేది కాదు. "కారణం తెలుసుకుంటే తప్పేముంది సార్?" అని ఒకసారి అడిగాను. "కారణం చెప్పాల్సొస్తే అది గూడ నీకిచ్చినట్లే గద మూర్తీ" అన్నారు.

నారాయణగూడ చౌరస్తాలో ఖాజా భాయ్ అని ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. ఫోన్‌లో యాప్ నిర్ణయించిన కిరాయికి బండి నడిపేవాళ్ళ కష్టాల మీద నేను రాసిన అధ్యాయాన్ని అతని ఆటోలోనే కూర్చుని చదివాను. రెండో పేజీకల్లా అతను హ్యాండిల్ మీద తల వాల్చాడు. లేపబోతే సార్ వద్దని సైగ చేశారు. ముప్పావు గంట అలాగే కూర్చున్నాం. ఖాజా భాయ్ లేచి, ఒళ్ళు విరుచుకుని, "మంచిగ రాసిన్రు సార్. హాయిగ నిద్ర వట్టింది" అన్నాడు.

"ఏడిదాంక విన్నవ్ భాయ్?" అని సార్ అడిగారు.

"మీరు సలాం చెప్పిన్రు గద, గాడిదాంక."

మళ్ళీ మొదటి పేజీ. ఆఫీసులో అభ్యంతరాల పుస్తకం ఒకటుండేది. అందులో సార్ ఆ రోజు ఎర్రసిరాతో రాశారు: 'విషయం మీద అభ్యంతరం లేదు. శైలి మీద ఉన్నది.' నా గద్యం అప్పట్లో సమాసాల సంత. సామాన్యుడికి అందులో సంధి దొరికేదే గానీ సందు దొరికేది కాదు. ఆ దరిమిలా చాలా సమాసాలకు విడాకులిచ్చాను. కొన్నింటితో ఇంకా చాటుగా కాపురం చేస్తున్నానని మీరీపాటికి గమనించే ఉంటారు.

నవ్వుకోలేని సంగతి ఒకటి ఉంది. ఈ నియమాన్ని నేను ఒకసారి తప్పాను.

అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళ మీద అధ్యయనం చేస్తున్నాం. పాఠాలు ఫోన్‌లోకి వచ్చాక వాళ్ళ చదువూ బతుకూ ఎలా మారాయన్నది ప్రశ్న. సునీత అనుకుందాం, పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మాయి, ఆరేళ్ళుగా చదువుతోంది. ఇంట్లో మాత్రం ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నానని చెప్పింది. వినిపించడానికి నేను వెళ్ళిన పూట, లైబ్రరీలో సీటు పోతుందని ఆమె తొందరపడుతోంది. అంతా చదివి, ఇంట్లో చెప్పిన ఆ అబద్ధం ఉన్న ఒక్క పేరా చదవకుండా వదిలేశాను. పేరు మార్చాం కదా అనుకున్నాను. ఊరి పేరు మార్చలేదు. అచ్చయ్యాక వాళ్ళ బంధువు ఒకాయన చదివాడు. వారం తిరక్కుండా ఆమె అన్న వచ్చి, పెట్టె, పుస్తకాలు ఆటోలో వేయించి, చెల్లెల్ని తీసుకెళ్ళిపోయాడు.

సార్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నారాయణగూడ పుస్తకాల దుకాణాలన్నీ కాలినడకన తిరిగి మిగిలిన ప్రతుల్ని వెనక్కి తెచ్చారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళారు. సునీత గుమ్మం దాటి రాలేదు. మమ్మల్ని లోపలికీ పిలవలేదు. "మీరు రాసింది నిజమే అన్న. గని అది నాది గద" అంది. తిరుగు బస్సులో సార్ అన్నారు: "అబద్ధం రాస్తే సారీ చెప్పొచ్చు మూర్తీ. నిజం రాసినోడు ఏం చెప్పాలె?"

ఆయన చివరి రెండేళ్ళూ సత్తయ్య గారి నివేదిక కోసమే వెచ్చించారు. నలభై ఏళ్ళు చిక్కడపల్లి నుంచి హిమాయత్‌నగర్ దాకా దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి సత్తయ్య గారిది. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయాయి. అటుపైన ఎవరో ఆయన పాత బోర్డుల్ని ఫోటోలు తీసి, ఆ అక్షరాల వంపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫాంట్ చేసి అమ్ముకున్నారు. ఆయన్ని వీధిన పడేసిన ఫ్లెక్సీలే ఇప్పుడు ఆయన అక్షరాలు తొడుక్కుని వీధిలో నిలబడ్డాయి. పేరు మాత్రం ఎక్కడా లేదు. అక్షరం అందరిదీ, మరి దాని వంపు ఎవరిదన్నది సార్ వేసుకున్న ప్రశ్న.

దహనం అయిన మర్నాడే, మా ప్రచురణలకు అండగా ఉండే సంస్థ కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ఆదివారం సంస్మరణ సభలో ఆ నివేదికనే పుస్తకంగా ఆవిష్కరిద్దామన్నారు. అంతకన్నా ఘనమైన నివాళి ఏముంటుందని నాకూ అనిపించింది. మిగిలింది ఒక్క వినిపింపే. శుక్రవారం నాడు, జీవితంలో మొదటిసారి సార్ పక్కన లేకుండా, ఆ స్పైరల్ బైండింగ్ చంకన పెట్టుకుని సత్తయ్య గారింటికి వెళ్ళాను.

"ఒక్కనివే వచ్చినవా తమ్మీ?" అన్నారాయన.

"సార్ లేరు కదండీ."

"తెల్సు. పాడె ఎనక నడిచిన. గని నువ్వొక్కనివే గుమ్మంల నిలవడితె జర ఎట్లనో ఉన్నది. కూసో. సార్ లెక్క నిమ్మళంగ సదువు, నీ లెక్క ఉరుకులాడకు."

నిమ్మళంగానే చదివాను. ఆయన భార్య రెండుసార్లు చాయ్ ఇచ్చింది. మూడో అధ్యాయంలో ఆయన ఆపారు. "ఆ గుండ్రం మలుపు నాదని రాసినవ్. నాది గాదు, మా గురువుది. నా అక్షరం ఎత్తుకపోయిన్రు అంటున్నవ్ గద, మరి నేను ఆయన దగ్గర ఎత్తుకొచ్చింది గూడ రాయి." రాసుకున్నాను. రెండేళ్ళ పరిశోధనలో మాకు తట్టని సంగతి అది. సార్ ఉంటే ఆ ఒక్క మాటకే కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

ఐదో అధ్యాయంలో ఒక పేరా ఉంది. నా మొత్తం రాతలో నేను గర్వపడే పేరా ఏదైనా ఉంటే అదే. పుస్తకానికి అది ప్రాణం. చదివాను. "జర మళ్ల సదువు" అన్నారు సత్తయ్య గారు. నచ్చిందనుకున్నాను. ఈసారి కొంచెం అభినయంతో చదివాను.

"మంచిగున్నది. తీసెయ్" అన్నారు.

అడగకూడదు. అడిగాను. "ఎందుకండీ? మిమ్మల్ని గొప్పగానే చెప్పాను కదా."

"గొప్పగనే చెప్పినవ్. నాకిప్పుడు పనిచ్చేటోళ్ళు నలుగురు ఉన్నరు. ఇది చూసిన్రంటే ఆ నలుగురు గూడ ఇయ్యరు. నా పొట్ట మీద కొట్టినట్లయితది తమ్మీ."

ఆ పేరాలో ఏముందో ఇక్కడ చెప్పను. ఇంతవరకు చెప్పడానికే ఆయన ఒప్పుకున్నారు. అక్కడే ఆయన ముందే పేరా మొత్తం కొట్టేశాను. కలం ఆగలేదని చెప్పుకోవాలని ఉంది గానీ, ఆగింది, రెండుసార్లు.

వీధిలోకి వచ్చి, అలవాటుగా సార్ నంబరుకే ఫోన్ చేశాను. మోగుతుండగా గానీ తెలియలేదు ఏం చేశానో. పద్మక్క ఎత్తారు. "ఏమన్నడు సత్తయ్య?" అన్నారు, సార్ అడిగినట్టే.

"ఒక పేరా తీసెయ్యమన్నారక్కా."

"తీసినవా?"

"తీశాను."

"సరే" అని పెట్టేశారు.

కార్యదర్శి గారు అంత సులువుగా సరే అనలేదు. ఆ పేరా పోతే దాని మీద నిలబడ్డ మూడు అధ్యాయాలు ఒరిగిపోతాయి, మళ్ళీ కట్టడానికి నెలలు పడుతుంది. "మూర్తిగారూ, అంతా కలిపి మూడొందల కాపీలు. ఆయనకి పనిచ్చేవాళ్ళు మన పుస్తకాలు చదువుతారాండీ?" అన్నారు. మా పుస్తకాలు ఎవరూ చదవరన్నది దాదాపు నిజమే. కానీ ఒక్కరు చదివితే చాలునని సునీత సంగతిలో చూశాను. మొహమాటం నా మొహంలోనే ఉంది, ఎవరికీ గట్టిగా కాదని చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పాను. ఇలాగైతే తర్వాత అచ్చు సంగతి తమ చేతుల్లో ఉండకపోవచ్చని ఆయన మర్యాదగానే అన్నారు. కాబట్టి ఆదివారం సభలో పుస్తకం ఉండదు. అసలు ఎప్పటికైనా ఉంటుందో లేదో తెలియదు. దాని బదులు ఈ వ్యాసం.

ఇది కూడా వినిపించాకే మీ దాకా వస్తోంది. ఖాజా భాయ్ ఈసారి మెలకువగానే విన్నాడు. తన పేరు మార్చొద్దన్నాడు. సునీతకు ఫోన్‌లో చదివాను. "ఈసారి ఏం ఇడిసిపెట్టలే గద అన్న?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఉండనియ్యి" అంది. సత్తయ్య గారు పేరూ, ఒకటి రెండు ఆనవాళ్ళూ మార్చమన్నారు. ఏం పేరు పెట్టమంటారంటే, "సత్తయ్య అని పెట్టు. మా బామ్మర్ది పేరు. వానికి ఎట్లగూ పని రాదు" అన్నారు.

నిన్న పద్మక్కకు చదివాను. వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ విన్నారు. రెండు చోట్ల ఆపి తీసెయ్యమన్నారు. అందులో ఒకటి మీకు బాగా నవ్వు తెప్పించేది. తీసేశాను. ఆ రెండూ పోగా మూడోది ఒకటి మిగిలింది. వినిపించాకే అచ్చు అనే ఈ నియమం సార్‌కు ఎక్కడ పుట్టిందో, ఏ చిన్ననాటి గాయం దానికి మూలమో వివరిస్తూ నేనొక సుదీర్ఘమైన, సుందరమైన పేరా రాశాను. పద్మక్క చేతులు ఆగాయి.

"ఇది ఆయన నీతోని చెప్పిండా?"

"లేదక్కా. ఊహించాను."

"నాతోని గూడ ఎన్నడు చెప్పలే. ఆయన్నే అడగాలె మరి."

ఆ పేరా కూడా కొట్టేశాను. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి పక్కన నడిచాను, బస్సుల్లో ప్రయాణించాను, ఒకే కప్పులో చాయ్ పంచుకున్నాను. ప్రతి ఒక్కరి గురించీ ప్రతి ఒక్కటీ అడిగాం. ఆయన్ని ఈ ఒక్కటీ అడగలేదు. రేపు అడుగుదాంలే అని కూడా ఎప్పుడూ అనుకోలేదు.