పెరుగన్నం మరిగిన కోతులు

ఆ రోజుల్లో పిల్ల అన్నం తినడం లేదంటే మావాళ్ళకి ముందు గుర్తొచ్చేది దిష్టి. అందులోనూ దేశం కాని దేశం వచ్చామాయె. ఇక్కడ నల్లవాళ్ళతో సహా అందరికీ ఓటు వచ్చిన మరుసటి ఏడాది నాన్నకి డర్బన్ ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం దొరికింది, రిజర్వాయర్ హిల్స్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. నాకు ఆరేళ్ళు. విమానం దిగిన నాటి నుంచి పెరుగన్నం తప్ప మరేదీ నా గొంతు దిగేది కాదు, అదీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాలుగు ముద్దలు. (రోజంతా ఊళ్ళోవాళ్ళకి మందులు రాసే నాన్న, నా దగ్గరికొచ్చేసరికి "ఆకలేస్తే అదే తింటుందిలే" అని పేపరు చాటుకి వెళ్ళిపోయేవారు.)

ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేద్దామంటే ఇక్కడ ఉన్నది కరెంటు పొయ్యి. పెనం మీద వేస్తే ఆ ఘాటుకి అందరం దగ్గుకుంటూ వీధిలో పడ్డాం, దిష్టి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాంతో అమ్మ కోతుల్ని ఆశ్రయించింది. ఆ కొండల్లో వాటికి కొదవ లేదు. నన్ను పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి, "తింటావా, కోతికి పెట్టెయ్యనా?" అనేది. "పెట్టెయ్యమ్మా," అనేదాన్ని మనస్ఫూర్తిగా. అమ్మ మంచినీళ్ళకి లోపలికి వెళ్ళడమే తరువాయి, ఆ పని నేనే చేసేసేదాన్ని. కొన్నాళ్ళకి కోతులు పెరుగన్నం మరిగాయి. మధ్యాహ్నమయ్యేసరికి పిల్లాపాపలతో వచ్చి గోడ మీద కూర్చునేవి. అవి ఒళ్ళు చేశాయి, నేను చిక్కిపోయాను.

ఒకరోజు నా బరువు చూసి అమ్మ, "ఇక నావల్ల కాదండీ. దీన్ని తెనాలిలో మా అమ్మ దగ్గర దింపేద్దాం," అంది. అమ్మని వదిలి సముద్రం అవతలికా! ఇక తినేద్దామని గట్టిగా అనుకున్నాను. కానీ ఆ భయానికి ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు పక్కింటి ఆంటీ మా మీదికి దండెత్తి వచ్చింది. వాళ్ళ తాతల కాలంలో మనవైపు నుంచి చెరుకుతోటల పనికి వచ్చిన కుటుంబం. ఆదివారం చర్చిలో ఇంగ్లీషు, తిట్టడానికి తెలుగు.

"ఏయ్ అమ్మా! మీ కోతి అంతా నా కిచెన్‌లో వచ్చి బ్రెడ్డు తీస్కుని పోయినాది! వాటికి బువ్వ ఎందుకు పెడతావ్?"

సమాధానం చెప్పబోయి అమ్మ భోరుమంది. నా సంగతీ, తెనాలి సంగతీ ఏడుస్తూనే చెప్పింది. ఆంటీ నావైపు చూడనైనా లేదు. అమ్మనే చూసింది.

"షేమ్!" అంది. ఇక్కడివాళ్ళకి అది 'అయ్యో పాపం' అనడం. "పాప తినలేదు, సరే. నువ్ తిన్నావా?"

"దీనికి పెట్టాక తిందామని..."

అప్పటికి మూడు దాటింది. ఆంటీ విసవిసా వెళ్ళి బన్నీ చౌ పట్టుకొచ్చింది, గుల్ల చేసిన బ్రెడ్డులో కారంకారంగా బీన్స్ కూర. "కూచో. తిను. పాపని చూడొద్దు," అంది.

అమ్మ తింది. రొట్టె తుంచి కూరలో ముంచుకుంటూ, కారానికి ముక్కు ఎగబీలుస్తూ, ఆంటీ కబుర్లకి నవ్వుతూ తింది. ఈ ఇంటికి వచ్చాక అమ్మ కూర్చుని తినడం నేను చూడనేలేదని అప్పుడు తెలిసింది. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు. నాకు నోరూరింది. మెల్లగా వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని ఓ మూల తుంచాను. ఆంటీ చూసి కూడా చూడనట్టు వాళ్ళ చర్చి కబుర్లే చెప్పుకుపోయింది. కూర అడుగంటేసరికి రొట్టె గోడలు కూడా నేనే తినేశాను. తెనాలి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మావాడు పచ్చగా కనిపించిందల్లా ఏరి కంచం అంచున పేరుస్తాడు. నేను నా కంచం తెచ్చుకుని వాడి పక్కన కూర్చుని తింటాను. కొన్నాళ్ళు తింటాడు, కొన్నాళ్ళు తినడు. అప్పటి అమ్మ ఇప్పటి నాకన్నా పదేళ్ళు చిన్నది. ఆ ఆరేళ్ళ పిల్ల జ్ఞాపకాల్లో ఎదురైతే నవ్వొస్తుంది, జాలేస్తుంది. "ఒక్క ముద్ద మీ అమ్మ నోట్లో పెట్టవే, పిచ్చి మొద్దూ, తనకీ ఆకలేస్తోంది" అని చెప్పాలనిపిస్తుంది.