రాజవ్వ పటం విప్పిన రోజు

మొన్న జనగామలో మేమెక్కిన ఆటో ఒక వడ్ల మిల్లు ముందు ఆగింది. లోపలి నుంచి పచ్చి తవుడు వాసన గుప్పున వచ్చింది. పక్కన మనవరాలు ఫోను చూసుకుంటోంది. నాకు మాత్రం అరచేతులకు చెమట పట్టింది. ఇన్నేళ్లయినా అంతే. కొత్త తవుడు వాసన తగిలితే చాలు, చేయకూడని పని ఏదో సగం చేసి వచ్చినట్టు ఉంటుంది. ఆ వాసన వెనక ఒక మనిషి ఉంది. మా అత్తగారి ఊళ్లో పక్కింటి రాజవ్వ.

నేను నాలుగో తరగతిలో ఉండగా తెలంగాణ లొల్లి మొదలై బడి మూతపడింది. మళ్లీ తెరిచేసరికి నేను మేకల వెంట తిరుగుతున్నాను. నా చదువు అంతే. పదహారేళ్లకు కాపురానికి వచ్చాక, మిగిలిన చదువంతా రాజవ్వ దగ్గరే. ఆమె పెనిమిటి పటం కథలు చెప్పేవాడు. నిలువెత్తు గుడ్డ చుట్ట, దాని మీద ఒకదాని కింద ఒకటి ఎర్రని బొమ్మలు. పైనుంచి కిందికి విప్పుతూ, కర్రతో చూపిస్తూ కథ నడపాలి. రాజవ్వ ముప్పై ఏళ్లు ఆయన వెనక నిలబడి వంత పాడింది. ఆయన పోయాక పటం దూలానికి వేలాడుతూ ఉండిపోయింది. ఆడవాళ్లు వంత పాడాలే తప్ప కర్ర పట్టకూడదని కట్టడి.

“కథలన్నీ నీకు నోటికొస్తయి గదా అవ్వా, నువ్వే చెప్పరాదు?” అని ఒకసారి గోడ మీది నుంచి అడిగాను.

“నేను కర్ర పడితే మా ఆయన సమాధిల నుంచి లేచొస్తడే,” అని నవ్వింది. “వంత పాడెటోళ్లకు ఒక సుఖమున్నది పిల్లా. కథ చెప్పెటోడు పటం దిక్కు చూస్తడు. మేం జనం చేతులు చూస్తం. మొఖం ఎట్లనన్న పెట్టుకోవచ్చు. చేతులు ఊకోవు.”

ఆ తర్వాత రెండేళ్లకు స్కైలాబ్ భయం వచ్చింది. అమెరికా వాళ్లు ఆకాశంలోకి పంపిన పెద్ద యంత్రం కిందికి జారుతోందనీ, ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదనీ రేడియోలో చెప్పారు. ఎక్కడ పడుతుందో తెలియదన్న మాట మా ఊరికి చేరేసరికి మా ఊరి మీదే పడుతుందని అయింది. ఎలాగూ చస్తాం కదా అని కోసుకు తిని, వారం తిరగకుండా ఊళ్లో కోడి కూత లేకుండా చేశారు. తర్వాత మేకలు. పలకరించుకోవడమే మారిపోయింది. “ఏం తిన్నరు?” అని అడిగి, ఆకాశం వైపు చూసి పోయేవాళ్లు. నాకప్పుడు ఏడో నెల. నా పెనిమిటి ఎడ్లబండి కట్టుకొని కట్టె కోసం కాటారం అడవుల వైపు పోయి ఇరవై రోజులు. ఏ కబురూ లేదు. ఇంట్లో నేను, మా మామ వెంకయ్య, ఇద్దరమే.

యంత్రం పడుతుందన్న రోజు పొద్దున్నే మామ విత్తనాల వడ్లు రెండు గంపలు తెచ్చి రోలు పక్కన పెట్టాడు. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి, నారు ఇంకా పోయలేదు.

“ఇత్తనాలు గదా మామా,” అన్నాను.

“నారు పొయ్యనీకి రేపనేది ఉండాలె గద. దంచు. సచ్చేనాడన్న కడుపునిండ తిని సద్దాం.”

ఎదురు చెప్పే నోరు నాకు లేదు. దంచాను. రోకలి పడిన ప్రతిసారీ కడుపులో బిడ్డ ఉలిక్కిపడేది. దంచుతూ దంచుతూ ఉండగా నాకు యంత్రం పడుతుందేమో అన్న భయం పోయి, పడదేమో అన్న భయం పట్టుకుంది. పడితే అందరం ఒకేసారి పోతాం. పడకపోతే? పుట్టబోయే బిడ్డకు ఉగ్గు దేనితో? ఆ మాట ఎవరితో అనాలి? ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక గంప బియ్యమైంది, రెండో గంప మీద చేయి వేశాను.

అప్పుడే పది పదిహేను మంది రాజవ్వ వాకిట్లోకి వచ్చారు. పోయే ముందు దేవుడి కథ చెవిన పడాలి, పటం విప్పమని అడిగారు. “నేను ఆడదాన్ని, ఎట్ల విప్పుత?” అంటోంది రాజవ్వ. “రేపు అడగనీకి ఎవలుంటరు?” అన్నారు వాళ్లు. ఆమె గోడ మీది నుంచి నన్ను చూసింది.

“ఏం దంచుతున్నవే?”

“ఇత్తనాలు, అవ్వా.”

ఆమె నా రోకలి వైపు చూసింది. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో పటం ఉంది. “ఎంకయ్యా, నీ కోడల్ని పంపు. కింది చుట్ట పట్టనీకి మనిషి గావాలె. నువ్వు గూడ రా,” అని కేకేసింది. పటం కథకు పిలిస్తే కాదనకూడదు. మొదలుపెట్టాక చివరి బొమ్మ దాకా చూసి, హారతి ఇచ్చి, పటం చుట్టేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే అరిష్టం. అది మా దగ్గర ఎంత పట్టింపో చెప్పలేను. పామొచ్చినా కాళ్లు ముడుచుకునేవాళ్లే గానీ లేచేవాళ్లు కాదు.

మొదటి బొమ్మలో గడ్డం ముని ఉన్నాడు. రాజవ్వ కర్ర దాని మీద ఆనించింది. అందరం దేవుడి పేరు కోసం చూస్తున్నాం.

“ఇగో, గీమె ఇత్తడి కోడలు,” అన్నది.

“గడ్డమున్నది గదనే!” అన్నారెవరో.

“ఉంటే నీకేంది? నువ్వు చేసుకుంటవా?”

ఎవరో కిసుక్కున నవ్వి, తప్పు చేసినట్టు నోరు మూసుకున్నారు. కథ నడిచింది. ఒక అత్త మరలు పెట్టించి ఇత్తడి కోడల్ని చేయించుకుంది. తిండి అడగదు, పుట్టింటికి పోతాననదు. దంచమంటే దంచుతుంది. కానీ చాలు అన్న మాట దానికి నేర్పలేదు. వడ్లు దంచింది, వడ్లు పోసే గుమ్మి దంచింది, తలుపు దంచింది, చివరికి మామ నిద్రపోతున్న మంచం మీదికి రోకలెత్తింది. అత్త చందమామ మీదికి పారిపోయింది.

రెండో బొమ్మలో ఇద్దరు రాజుల యుద్ధం. అది చందమామ మీద గట్టు తగాదా అయింది. పున్నమి నాడు పట్వారీ గొలుసు పట్టుకొని అక్కడి నేల కొలిచి పంచాడు. పక్షం తిరిగేసరికి ఒకడి చెలక మాయం. “నా గట్టు నువ్వే మింగినవ్‌రా!” “నా గట్టే లేకుంట పోయింది, నీది యాడ మింగుత?” ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. నాకు మాత్రం రాలేదు. పటం ఎంత మిగిలిందో నా చేతిలోని చుట్ట చెబుతోంది. అది సన్నబడుతోంది. అయిపోతే మామ లేస్తాడు, నేను రోటి దగ్గరికి పోవాలి.

అంతలో దభీమని చప్పుడు. ఎవరో “పడ్డది!” అని అరిచారు. నేను ఒక చేత్తో కడుపు పట్టుకున్నాను. రేకుల కొట్టం మీది నుంచి పెద్ద కోతి ఒకటి మా వైపు తాపీగా చూస్తోంది. సగం మంది లేవబోయి ఉన్నారు.

“కూసోండ్రి! నడిమిట్ల లేస్తరా?” అని గద్దించింది రాజవ్వ. కూర్చున్నారు.

చివరి బొమ్మలో ఆకాశరథం, దాంట్లో చిన్న చిన్న ముఖాలు.

“గీ బండే స్కైలాబ్. దాంట్ల చిటికెనవేలంత మనుషులున్నరు. వాళ్లకూ ఒక ఊరున్నది, ఒక పోచమ్మున్నది. వాళ్లు కిందికి చూసి లబలబ మొత్తుకుంటున్నరు. ‘అయ్యో, భూమంట, మన మీద పడుతున్నదంట!’ అని. కోళ్లను గోసిండ్రు, మేకలను గోసిండ్రు. ఆఖరుకు ఇత్తనాలు దంచుకొని తిన్నరు. బండేమో చెరువుల బాతు దిగినట్టు దిగింది. ఒక్కడు సావలే. తెల్లారింది, ఆకలైంది. తలుపు తీసుకొని గిక్కడికే వచ్చిండ్రు. ‘అక్కా, పిరికెడు ఇత్తనాలుంటే పెట్టుండ్రి’ అంటున్నరు.”

కర్ర దించింది. “పటం చుట్టాలంటే వాళ్లకు ఇత్తనాలు దొరకాలె. ఎవరింట్ల ఉన్నయో చెప్పుండ్రి.”

 లేవడానికి లేదు. పొద్దు వాలుతోంది. నా చేతులు తిమ్మిరెక్కాయి. రాజవ్వ ఎవరి ముఖమూ చూడడం లేదు, మామ చేతులే చూస్తోంది. ఆయన వేళ్ల సందుల్లోని తవుడు గీక్కుంటున్నాడు.

“మా ఇంట్ల ఒక గంప ఉన్నది వదినె,” అన్నాడు. “ఒకటి దంచినం.”

“ఉన్నదా? రాత్రికి దంచుతవా?”

“ఉంటది.” నా వైపు తిరిగాడు. “పిల్లా, ఆ రోకలి అటుకెక్కియ్యి.”

వెనక నుంచి ఒకరు “మా ఇంట్ల జొన్నలున్నయి” అన్నారు, ఇంకొకరు “కుండెడు పల్లికాయ” అన్నారు. హారతి ఇచ్చి పటం చుట్టారు.

చుట్ట పట్టుకొని నేను రాజవ్వ వెంట లోపలికి పోయాను. చల్లారిన పొయ్యి మీద గిన్నె ఉంది. చూస్తే ఉడికిన చిక్కుడు గింజలు, గుమ్మడి గింజలు. ఏడాదంతా బూడిదలో దాచిన పెరటి విత్తనాలు.

“పొద్దున్నే ఉడకబెట్టుకున్ననే,” అన్నది నా వైపు చూడకుండా. “ఒక్కదాన్ని గూసుంటే గొంతుల దిగలే.”

“మరి గంత ధైర్నంగ ఎట్ల చెప్పినవ్ అవ్వా?”

“ధైర్నమేడిది? నీ రోకలి సప్పుడు ఇంటుంటే సిగ్గయింది. నేను జేసిన తప్పే గద నువ్వు జేస్తున్నవ్.” ఆ ఉడికిన గింజలు ఇద్దరం తిన్నాం. ఉప్పు వేయడం కూడా మరిచిపోయింది.

యంత్రం ఎక్కడో సముద్రం అవతల పడిందని తర్వాత రేడియోలో చెప్పారు. వారానికి నా పెనిమిటి వచ్చి, “ఏం యంత్రం? మాకు తెల్వదే. కోళ్లన్ని యాడ పోయినయి?” అన్నాడు. ఒక గంప నారు సగం పొలానికే వచ్చింది. మిగతా సగం బీడు. ఆ ఏడు పూటకు ఒక ముద్ద తగ్గించుకొని తిన్నాం గానీ పస్తులుండలేదు. బిడ్డ పుట్టింది. కర్ర పట్టినందుకు రాజవ్వను ఆమె పాలివాళ్లు మాటలన్నారు. పటం తీసుకుపోయారు. నా బిడ్డకు నడక రాకముందే ఆమె పోయింది.

తర్వాత చాలా భయాలు వచ్చాయి. జ్వరాలు, కరువులు, ఊళ్లన్నీ తలుపులు వేసుకున్న రోజులు. అలాంటప్పుడు మా ఇంట్లో పిల్లలు నన్ను ధైర్యం చెప్పమని అడగరు. “నువ్వేం ఉడకబెట్టుకున్నవే నానమ్మా?” అని అడుగుతారు. భయంతో నేను అప్పటికే చేసిన తెలివితక్కువ పని దాచకుండా చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ, ఎవరో ఒకరు భయంతో చేతికెత్తుకున్నది మెల్లగా కింద పెడతారు.