నడుము ఈకల్లో ఈతాకు

కూచున్నప్పుడు ఆ పిట్ట అసలు రంగు తెలియదు. ఒళ్లంతా పచ్చ, ముఖం మాత్రం జామపండు లోపలి గులాబీ. నుదుటి దగ్గర ఆ గులాబీ ముదిరి ఎరుపవుతుంది. గొంతు కిందికి దిగేకొద్దీ పలచబడి పచ్చలో కలిసిపోతుంది. ముక్కు ఏనుగు దంతం రంగు, కంటి చుట్టూ సన్నని తెల్లగీత. అరచేతిలో ఇమిడేంత ప్రాణి. అది రెక్కలు విప్పి లేచిందంటే మాత్రం, తోక మొదట్లో అప్పటిదాకా దాగిన నీలం ఒక్కసారిగా బయటపడుతుంది. మళ్లీ వాలేలోపు చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. నాచారంలో మా మూడో అంతస్తు బాల్కనీలో ఆ నీలం కోసం కూచుని నేను చల్లార్చుకున్న టీలకు లెక్క లేదు.

ఇవి ఆఫ్రికా పిట్టలు, అసలైన లవ్‌బర్డ్స్. ఆ ఖండానికి నైరుతి మూలన, ఎండు నేలల్లో, నీళ్లున్న చోటికి మరీ దూరం పోకుండా గుంపులుగా బతుకుతాయి. మన బజార్లలో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే చారల పిట్టలు వేరు, వాటిది ఆస్ట్రేలియా. ఇంటికి వచ్చినవాళ్లందరికీ నా భార్య ఈ తేడా ఓపిగ్గా చెబుతుంది. ఆ ఓపిక ఉద్యోగం నేర్పింది. ఆమె ప్రభుత్వ దవాఖానాలో కాన్పుల వార్డు నర్సుగా చేరి, అదే వార్డులో పెద్ద నర్సై, అక్కడే రిటైరైంది. ఉప్పల్ కూరగాయల మార్కెట్‌కు ఆమెతో వెళ్తే సంచి నిండేలోపు ఎవరో ఒకామె చేయి పట్టుకుని ఆపుతుంది. పక్కనున్న మీసాల కొడుకును ముందుకు తోసి, "సిస్టరమ్మా, వీడు నీ చేతులల్లనే పుట్టిండు" అంటుంది. కొడుకు సిగ్గుతో నేల చూస్తాడు. ఈవిడ వాడి బుగ్గ గిల్లి, "మస్తు సతాయించిండు వీడు, బయటికి రానని" అంటుంది. గుర్తుండి అంటుందో, ఊరికే అంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను బతుకంతా పత్రికలో పనిచేశాను. నేను రాసిన వార్తను చూపించి అలా చేయి పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె రిటైరైన రోజు మౌలాలి నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. రైల్వేలో పని, నోరు ఊరుకోదు. పంజరం బల్ల మీద పెట్టి, "ఇగ నీకు వార్డు లేకపాయె గదక్కా. నీ పానం ఊకుంటదా? గీ జంటను సూసుకో. గుడ్లు పెడితె నువ్వే కాన్పు జెయ్యి" అన్నాడు.

"గుడ్డుకు కాన్పేందిరా, పిచ్చోడా" అని నవ్వింది కానీ, ఆ సాయంత్రమే బాల్కనీకి జాలీ కొట్టించే మనిషి కోసం ఫోన్ చేసింది.

ఆడదేదో మగదేదో చూపుకు తెలియదు. రెండూ ఒకే అచ్చు. నడత చూసి పోల్చుకోవాలి. ఆడది కాస్త పెద్దది, గిన్నె దగ్గరికి ముందు వచ్చేది అదే. మగది వెనకే వచ్చి, తను తిన్న గింజలను కక్కి దాని నోట్లో పెడుతుంది. ఎక్కేటప్పుడు ముక్కుతో కమ్మీ పట్టుకుని, దాన్ని మూడో కాలుగా వాడుకుంటాయి. ఎండ తీక్షణమైతే చెంపలు ఆనించుకుని, కళ్లు సగం మూసి కూచుంటాయి. వాటికి ఆ పేరు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. పక్క కొమ్మ మీద పావురం వాలిందంటే మాత్రం ప్రేమంతా పోయి, కింది అంతస్తు దాకా వినిపించే కేకలు. కింద ఇంటావిడ మెట్ల మీద కలిసినప్పుడల్లా, "మీ ఇంట్ల పంచాయితి తెగిందా అక్కా?" అని అడిగేది.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది ఆడపిట్ట పనితనం. పంజరం కింద పరిచిన పాత పేపరు అంచు పట్టుకుని, కుట్టుమిషన్ సూది నడిచినట్టు వరసగా చిల్లులు పొడుస్తూ పోతుంది. చివరికి చేరి ఒక్క లాగు లాగితే పొడవాటి పట్టీ ఊడివస్తుంది. ప్రతి పట్టీ అంతే వెడల్పు. పేజీలు కూర్చడంలో జీవితం గడిపినవాణ్ణి, అంత తిన్నగా కోసిన చేతులను నేను మా ఆఫీసులోనూ అరుదుగా చూశాను. ఆ తర్వాతి పని ఇంకా వింత. పట్టీని ముక్కుతో మోసుకుపోదు. మెడ వెనక్కి తిప్పి, తోక మొదట్లో ఆ నీలం ఈకలు నిక్కబొడుచుకుని, వాటి మధ్య పట్టీని దోపుకుంటుంది. నాలుగైదు దోపుకున్నాక ఈకలు అదిమి, పూలు ముడుచుకున్న మనిషిలా గూడుకు ఎగిరిపోతుంది. మగదీ ప్రయత్నిస్తుంది. దోపుతుంది, ఎగురుతుంది, అన్నీ దారిలోనే రాలిపోతాయి.

"మగోళ్ల పని గంతే" అనేది నా భార్య, నా వైపు చూడకుండా.

మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు ఆమె ఇంట్లోనే డ్యూటీ ఎక్కింది. గూడుకని పెట్టిన చెక్కపెట్టెలో పిట్ట పేర్చుకున్న కాగితం ముక్కలన్నీ తీసి చెత్తబుట్టలో వేసింది. "ఛీ, ఇంకు అంటిన కాగితాల మీద పిల్లలను కంటరా?" అని పెట్టెను వేడినీళ్లతో కడిగి ఎండబెట్టింది. పాత నూలు చీర ఉడకబెట్టి, ఆరేసి, మడతలు పెట్టి మెత్తగా పరిచి, గుడ్లను మళ్లీ దాని మీద పెట్టింది. పిట్ట కేకలు పెట్టి పెట్టి చివరికి లోపలికి పోయి పొదిగింది. వారం వారం ఆ గుడ్డ మార్చేది. వార్డులో పక్కలు ఎలా ఉండేవో మా బాల్కనీలో గూడు అలా ఉండేది, మరక లేకుండా, తడి లేకుండా.

మూడు వారాలు దాటాయి, నాలుగూ దాటాయి. ఏ గుడ్డూ చిట్లలేదు. తమ్ముడు ఆదివారం వచ్చి పెట్టెలోకి తొంగి చూసి, "ఏందక్కా, నీ వార్డుల మొదటి కేసే ఫెయిలైంది" అన్నాడు. ఆమె నవ్వింది. బాగా నవ్వలేదు.

రెండోసారి ఇంకా శ్రద్ధ పెట్టింది. ఇంకా శుభ్రం, ఇంకా పొడి. ఆ గుడ్లూ అలాగే ఉండిపోయాయి. గడువు దాటాక ఒక గుడ్డును తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, సూదితో పెంకు కొంచెం కొంచెంగా ఒలిచింది. లోపల పిల్ల ఉంది. పూర్తిగా తయారైన పిల్ల. ముక్కు, గోళ్లు, మూసిన కళ్లు, అన్నీ ఉన్నాయి. పెంకు లోపలి పొర ఎండి, కాగితంలా ఒంటికి అంటుకుపోయింది. లోపల తిరగలేక అక్కడే చనిపోయింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుంది. తర్వాత, "ఎంతమందిని తీసిన ఈ చేతులతోని. నా ఇంట్ల, నా కండ్ల ముందట ఒక్క పిల్ల బయటికి రాకపాయె" అంది. నేనేదో అనబోతే, "నువ్వు సప్పుడు జెయ్యకయ్యా" అంది.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి, ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం అయినంక వచ్చి జంటను తీసుకుపొమ్మని చెప్పింది. అప్పటికే పిట్ట మూడోసారి గుడ్లకు వచ్చినట్టు కనిపిస్తోంది. "ఇంకొకసారి నాతోని కాదు" అంది. పిట్టల మీద కోపం కాదది. చేతకాలేదన్న మాట ఆమె ఉద్యోగంలో ఎవరూ ఆమెను అనలేదు. ఇప్పుడు తనకు తనే అనుకుంటోంది. అది మా ఇంట్లో ఎండకన్నా బరువుగా ఉండేది.

మట్టల ఆదివారం పొద్దున మా చర్చి వాళ్లం ఎప్పటిలాగే ఈత మట్టలు పట్టుకుని, పాటలు పాడుతూ గల్లీలు తిరిగి వచ్చాం. ఇంటికొచ్చాక ఆమె మట్టలు వాడిపోకుండా బాల్కనీలో నీళ్ల బకెట్‌లో నిలబెట్టి, వంటలో పడింది. నేను పంజరం తలుపు తెరిచి కుర్చీలో కూచున్నాను.

ఆడపిట్ట బయటికి వచ్చి బకెట్ అంచు మీద వాలింది. ఒక ఈతాకు మొదలు పట్టుకుంది. అదే కుట్టుపని మొదలైంది, చిల్లు పక్కన చిల్లు, చివరిదాకా. పచ్చటి పట్టీ తడితో మెరుస్తూ ఊడివచ్చింది. పేపరుకు చూపించని ఆత్రం దానికి చూపించింది. నీలం ఈకల మధ్య పచ్చటి పట్టీలు ఒకటొకటిగా దోపుకుంటుంటే నేను వంటింటి వైపు కేకేశాను. ఆమె పిండి చేతులతోనే వచ్చింది.

పిట్ట గూడులోకి వెళ్లింది, వచ్చింది, మళ్లీ కోసింది. తర్వాత నీళ్ల గిన్నెలో దిగి, పొట్ట ఈకలు తడిసేదాకా మునిగి లేచి, దులుపుకోకుండా, నీళ్లు కారుతూనే పెట్టెలోకి దూరింది.

నేను ఈతాకుల అందం చూస్తున్నాను. ఆమె ఆ తడి పొట్టను చూసింది.

"అయ్యో" అంది మెల్లగా. "తడి. దానికి తడి గావాలె. పచ్చాకు గందుకే, నీళ్లల్ల మునుగుడు గందుకే. లోపటి పొర ఎండకుండ సూసుకుంటాంది. నేనేమో దినాం ఆరబెట్టి ఆరబెట్టి..." పెట్టె దగ్గరికి నడిచి, గుడ్డ తీయడానికి చేయి పెట్టబోయి, ఆగింది. గుడ్డ తీయాల్సిన అవసరం లేకపోయింది. పిట్ట దాన్ని అప్పటికే ముక్కుతో బయటికి నెడుతోంది.

సరిగ్గా భోజనాల వేళకు తమ్ముడు వచ్చాడు, పంజరం మీద కప్పడానికి దుప్పటి సంకలో పెట్టుకుని.

"దుప్పటి పక్కకు పెట్టు. నాగారం దిక్కు ఈత చెట్లున్నయి గద. పచ్చి మట్టలు పట్టుకరా పో" అందామె.

"ఏందక్కా, తిండి సుత పెట్టవా? బావా, పిట్టలను తీస్కపోదామని వస్తే నన్ను మట్టలకు తోలుతాంది!"

"తిని పో. నేను తినొద్దంటినా? లేత మట్టలు సూసి తే. ఎండినయి తెస్తె గేటు కాడనే ఆపుత."

మట్టలు వచ్చాయి. గుడ్లూ వచ్చాయి. ఏప్రిల్ ఎండ బాల్కనీని కాల్చడం మొదలుపెట్టింది. ఆమె జాలీకి తడి గోనె సంచి కట్టింది, గిన్నె బదులు వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసింది, వారానికి రెండుసార్లు పచ్చి మట్ట మార్చింది. పెట్టెను మాత్రం ముట్టుకోలేదు. ఆ ఒక్క పనీ ఎంత కష్టమో దగ్గరున్న నేను చూశాను. లోపల రెట్టలు, నలిగిన ఆకులు, ఏవేవో పీచులు. ఆమె తడిగుడ్డ పట్టుకుని పెట్టె ముందు నిలబడేది. చేయి లేచేది. ఒక్క నిమిషం అలాగే ఉండి, పోయి తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచేది. ఎన్నో రాత్రుల డ్యూటీలు చేసిన మనిషికి ఏమీ చేయకుండా ఉండటం అన్నిటికన్నా పెద్ద డ్యూటీ అయింది. ఆమెను నేను చాలా రకాలుగా మెచ్చుకున్నాను కానీ, ఆ నెలంతా మెచ్చుకున్నంత ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఒక ఉదయం పెట్టెకు చెవి ఆనించి, నా వైపు చేయెత్తింది. నేనూ పోయి చెవి పెట్టాను. లోపల చీమ నడిచినంత సన్నగా ఏదో గీకుతున్న చప్పుడు. కాసేపాగి సన్నని కూత. ఆమె మొహం చూశాను. దవాఖానాలో పని చేస్తున్నప్పుడు ఆ మొహం ఎలా ఉండేదో నేనెప్పుడూ చూడలేదు. వార్డులోకి మగవాళ్లను రానివ్వరు కదా. ఇలాగే ఉండి ఉంటుంది.

"కేక మంచిగుంది" అంది, నర్సు గొంతుతో.

ముందొకటి, తర్వాత ఇంకో రెండు. కళ్లు తెరవని, ఎర్రటి మాంసం ముద్దల మీద అంటీ అంటనట్టు నూగు. వారాలు గడిచేకొద్దీ పచ్చ వచ్చింది. ముఖం ఇంకా గులాబీ తిరగక బూడిద కలిసి, ముక్కు మొదట్లో నల్లటి మరకతో, పిల్లలు పెట్టె కంత దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నిలబడ్డాయి. కింద ఇంటావిడ చూడటానికి వచ్చింది. తమ్ముడు ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చాడు. బాల్కనీలో నిలబడటానికి చోటు లేదు.

"అక్క చెయ్యి పడ్డదంటె బతకాలె గద!" అన్నాడు అందరూ వినేలా.

"నా చెయ్యి పడకపోవట్కె బతికినయి రా" అంది ఆమె. ఆ మాట అనడానికి ఏమాత్రం మొహమాటపడలేదు. గొంతు పెంచి మరీ చెప్పింది.

అందరికీ దగ్గరగా చూపించాలని కంత వైపు వేలు పోనిచ్చింది. లోపల్నుంచి ఆడపిట్ట మెరుపులా వచ్చి కొరికింది. వేలి కొసన రక్తం పూస తేలింది. కింద ఇంటావిడ అయ్యో అంటూ చేయి పట్టుకోబోయింది. నా భార్య చేయి ఇవ్వలేదు. ఆ వేలును పైకెత్తి, వచ్చినవాళ్లందరికీ ఒక్కొక్కరికీ తిప్పి చూపించింది.

"సూసిన్రా? పిల్లల కాడికి నన్ను సుత రానియ్యలే" అంది. "మస్తు తల్లి."