సున్నా స్థానంలో పాల్ గారు

కంకిపాడు పాల్ గారు దేన్నయినా సున్నా నుంచే లెక్కపెడతారు. ఆయన నేర్పే కంప్యూటరు పాఠంలో అది న్యాయమే. అక్షరాల వరుసను అక్కడ స్ట్రింగ్ అంటారు. ‘కమల’లో ‘క’ కావాలంటే సున్నా అని అడగాలి, ‘మ’ కావాలంటే ఒకటి అనాలి. అయితే పెళ్లి భోజనాలకూ అదే శాస్త్రమా?

ఈ ఆగ్రహం విశ్రాంత తెలుగు పండితులు బసవయ్యగారిది. “మా అమ్మాయి పెళ్లికి ఒకటో బంతికి వచ్చేయండి మాస్టారూ” అని పాల్ గారే పిలిచారు. తీరా వెళితే విస్తళ్లన్నీ నిండిపోయాయి.

“ఇది సున్నా బంతండీ! మీది దీని తరవాతది.”

అందరూ గోంగూర కలుపుకుంటుంటే పండితులు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. మరోసారి, ఉయ్యూరు దారిలో ఆయన చెప్పిన రెండో స్టాపులో దిగితే చుట్టూ చెరకు తోట. ఆ శుభలేఖ, ఆ బస్సు టిక్కెట్టు నేటికీ పండితులవారి ఫైలులో భద్రంగా ఉన్నాయి.

అసలు మంట వేరు. మనవరాలు చిన్ని నలుగురిలో నోరు విప్పదు. తాతగారి దగ్గర మాత్రమే పద్యాలు గలగలా చదివేది. ఆ వైభవం కాస్తా పాల్ గారి పాలైంది.

“చిన్నీ, పద్యం చదువుదామా?”

“రేపు తాతయ్యా! పాల్ సార్ క్లాసుకి లేటయిపోతంది.”

“ఆయనకు లెక్కే రాదు గదే!”

“అవును, అన్నీ తప్పులే చెప్తారు. భలే ఉంటది!”

“పిల్ల నవ్వుతా వెళ్తంటే మీకెందుకండీ అంత కుళ్లు?” అన్నారు ఆయన భార్య వెంకటరత్నమ్మగారు వంటింట్లోంచి.

తప్పులు చెప్పే ఉపాధ్యాయుడా! పండితులు ఫైలు చంకన పెట్టుకుని బయలుదేరారు. పాల్ గారి క్లాసు కిటికీలోంచి చూస్తే పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు పాల్ గారు.

“కమలలో ‘క’ ఏ స్థానం? సున్నాలో ఉన్నాను గనక ముందు నేనే చెప్తా. ఒకటి!”

గది గొల్లుమంది. అందరినీ మించి ఒక గొంతు లేచింది: “సున్నా సార్! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?”

ఆ గొంతు చిన్నిది.

పండితులు నిర్ఘాంతపోయారు. కూతురి పెళ్లి బంతినే సున్నాతో మొదలుపెట్టిన మనిషి ఇక్కడ ఒకటి అనడమా! కావాలనే అన్నారు. వరుసలో ముందున్నవాడే ముందుగా తప్పు చెప్పి నవ్వులపాలు కావాలి. ఆ స్థానాన్ని ఆయన ఏ పిల్లకూ ఇవ్వడం లేదు.

“అరె, మాస్టారూ! లోపలికి రండి. నేను మంచినీళ్లు తాగొస్తా, కాస్త సున్నాలో నిలబడండి. చెప్పండి, ‘మ’ ఏ స్థానం?”

జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దిన పండితులు గొంతు సవరించుకున్నారు.

“రెండు!”

“అయ్యో తాతయ్యా, ఒకటి! నీకూ రాదా?” పొట్ట పట్టుకుని నవ్వింది చిన్ని.

పాల్ గారి తప్పుకు నవ్విన దానికన్నా గట్టిగానే నవ్వింది. పండితులు ఆ సంగతి ప్రత్యేకంగా గమనించారు.